చేపల జాడ ఫోన్‌కి వస్తోంది.. టీబీ పరిశోధన గడప దాకా ఎందుకు రావట్లేదు? సూళ్లూరుపేట నుంచి ఓ లెక్క

సూళ్లూరుపేట: షార్ నుంచి రాకెట్ లేచిన ప్రతిసారీ దేశం చూపు ఈ ఊరి వైపు తిరుగుతుంది. 2022 నవంబర్ 26న పీఎస్‌ఎల్‌వీ-సీ54 మోసుకెళ్లిన ఓషన్‌శాట్-3 కూడా శ్రీహరికోట నుంచి వెళ్లిందే. ఇలాంటి ఉపగ్రహాలు సముద్రం రంగు, పైనీటి వేడి చూసి పంపే సమాచారాన్ని హైదరాబాద్‌లోని ఇన్‌కాయిస్ శాస్త్రవేత్తలు జల్లెడ పడతారు. చేపలు దొరికే అవకాశం ఎటువైపు ఉంది, తీరం నుంచి ఎంత దూరం, ఎంత లోతు అన్నది తేల్చి తెలుగులోనే మత్స్యకారులకు పంపుతారు. క్లోరోఫిల్ అంటే ఏంటో పడవ మీద ఉన్నవాళ్లకు తెలియక్కర్లేదు. ఎటు వెళ్లాలో తెలిస్తే చాలు.

ఇప్పుడు ఇదే తీరంలో ఆరోగ్యం సంగతి చూద్దాం. ఆశా కార్యకర్తలు ఉన్నారు, ఏఎన్‌ఎంలు ఉన్నారు. యానాది కాలనీల్లో పనిచేసే స్వచ్ఛంద సంస్థలు, డ్వాక్రా సంఘాలు, టీబీ రోగులకు పౌష్టికాహారం ఇచ్చే దాతలు కూడా ఉన్నారు. వాళ్లకు పనికొచ్చే పరిశోధనలు మన దేశంలోనే జరిగాయి, ఫలితాలూ వచ్చాయి. కానీ వాటిని జల్లెడ పట్టి, ఇక్కడి మాటలో, ఇక్కడి అవసరానికి తగ్గట్టు చేతికిచ్చే ఇన్‌కాయిస్ లాంటి మధ్య మనిషి మాత్రం ఆరోగ్యానికి లేడు. ఆ ఖాళీ ఖరీదు ఎంతో టీబీ విషయంలో స్పష్టంగా కనిపిస్తుంది.

గడువు దాటింది.. జబ్బు పోలేదు

2025 నాటికి దేశంలో టీబీని అంతం చేస్తామన్నది కేంద్రం పెట్టుకున్న గడువు. అది దాటిపోయింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2025 నివేదిక ప్రకారం 2015లో లక్ష జనాభాకు 237గా ఉన్న కొత్త కేసులు 2024కి 187కి దిగాయి. అంటే 21 శాతం తగ్గుదల. తక్కువేమీ కాదు, అలాగని అంతమూ కాదు.

మందులు ఉచితంగానే ఇస్తున్నారు. మరి లోపం ఎక్కడ? దీనికి ఒక జవాబు 2023 ఆగస్టులో లాన్సెట్ పత్రికలో వచ్చింది. 'రేషన్స్' పేరుతో జార్ఖండ్‌లోని 4 జిల్లాల్లో డాక్టర్లు అనురాగ్ భార్గవ, మాధవి భార్గవల బృందం చేసిన ప్రయోగం అది. చెన్నైలోని జాతీయ క్షయ పరిశోధన సంస్థ కూడా అందులో భాగస్వామి. చెన్నై నుంచి సబర్బన్ రైలు సూళ్లూరుపేట దాకా వస్తుంది. కానీ ఆ పరిశోధన ఇక్కడికి రావాలంటే ఢిల్లీ మీదుగా ఉత్తర్వుల రూపంలో దిగాల్సిందే!

ప్రయోగంలో 2,800 మంది రోగులు, వాళ్లతో ఒకే ఇంట్లో ఉండే 10,345 మంది ఉన్నారు. రోగులందరికీ ఆహారం ఇచ్చారు. కుటుంబ సభ్యులను మాత్రం రెండు గుంపులు చేశారు. ఒక గుంపులో పెద్దవాళ్లకు తలా నెలకు 5 కిలోల బియ్యం, కిలోన్నర కందిపప్పు, విటమిన్ మాత్రలు. రెండో గుంపు ఎప్పటిలాగే ఇంట్లో ఉన్నది తింది. చివరికి తేలిందేంటంటే.. ఆహారం అందిన ఇళ్లలో కొత్తగా టీబీ రావడం 39 శాతం తగ్గింది. అంటే మందో, టీకానో కాదు, బియ్యం, పప్పే ఆ పని చేశాయి.

ప్రభుత్వమూ కదిలింది. నిక్షయ్ పోషణ్ కింద రోగికి నెలకు ఇచ్చే 500 రూపాయలను 2024 నవంబర్ నుంచి 1,000 చేసింది. దాతలు ఇచ్చే నిక్షయ్ మిత్ర ఆహార బుట్టలను రోగి కుటుంబానికీ ఇవ్వొచ్చని చెప్పింది. ఢిల్లీ వరకు పరిశోధన చేరినట్టే. అసలు చిక్కు ఆ తర్వాతే మొదలవుతుంది.

39 శాతం.. దేంట్లో?

సూళ్లూరుపేటలో ఒక స్వచ్ఛంద సంస్థ ఉందనుకుందాం. చేతిలో ఉన్న డబ్బు ఓ 30 ఇళ్లకు సరిపోతుంది. '39 శాతం తగ్గుదల' అన్న మాట విని రంగంలోకి దిగితే ఏమవుతుంది? అసలు లెక్క ఇదీ. ఆహారం అందని గుంపులో వందకు 2.6 మందికి టీబీ వచ్చింది. అందిన గుంపులో 1.7 మందికి వచ్చింది. తేడా వందకు 0.9. అంటే దాదాపు 110 మందికి, ఇళ్ల లెక్కన చూస్తే ఓ 30 కుటుంబాలకు, నెలల తరబడి ఆహారం ఇస్తే ఒక కొత్త కేసు ఆగుతుంది.

ఇది నిరాశపడే లెక్కేం కాదు. ఒక టీబీ కేసు ఆగితే ఆరు నెలల మందులు, పోయే కూలి, మరో ఇంటికి అంటుకునే ముప్పు అన్నీ ఆగుతాయి. కానీ ఈ లెక్క ముందే తెలియని సంస్థ ఏడాది తర్వాత 'మేం ఇంత పెట్టాం, ఏమీ తేడా కనిపించలేదు' అని చేతులెత్తేసే ప్రమాదం ఉంది. ఎందుకంటే ఆగిన కేసు ఎవరికీ కనపడదు.

ఇంకో తిరకాసు. 'రేషన్ కార్డు మీద మనిషికి 5 కిలోల బియ్యం ఎలాగూ వస్తున్నాయి కదా, మనం పప్పు ఒక్కటే ఇస్తే పోలా?' అనిపిస్తుంది. చూడ్డానికి తెలివైన ఆలోచనే. కానీ చౌకధరల బియ్యం జార్ఖండ్‌లోనూ ఉన్నాయి. ప్రయోగంలో ఇచ్చింది ఇంట్లో తినేదాని పైన అదనం. బియ్యం తీసేసి పప్పే ఇస్తే ఫలితం ఎలా ఉంటుందో ఆ ప్రయోగం చెప్పలేదు. డబ్బు తక్కువైతే పప్పే ఇవ్వొచ్చు, తప్పు లేదు. పరిశోధన చెప్పిన పనే చేస్తున్నామని మాత్రం అనుకోకూడదు.

అసలు జార్ఖండ్ ఫలితం ఇక్కడ పనికొస్తుందా? ఆ ప్రయోగంలో రోగుల్లో 80 శాతానికి పైగా ఉండాల్సిన బరువు కంటే తక్కువ ఉన్నవాళ్లే. పులికాట్ చుట్టుపక్కల యానాది గుడిసెల్లో కూలి దొరికితేనే పొయ్యి వెలిగే ఇళ్లకు ఆ ఫలితం దగ్గరగా ఉంటుందని అనుకోవచ్చు. అదే శ్రీసిటీ ఫ్యాక్టరీల్లో పనిచేస్తూ తడ, సూళ్లూరుపేటల్లో ఒకే గదిలో అద్దెకుంటున్న కుర్రాళ్ల సంగతేంటి? వాళ్లలో ఒకరికి టీబీ వస్తే 'కుటుంబం' అంటే ఎవరు? ఊర్లో ఉన్న అమ్మానాన్నా, పక్క మంచం మీద పడుకునే స్నేహితుడా? గాలి పంచుకునేది స్నేహితుడే. బుట్ట, పరీక్ష రెండూ ముందు అతనికే చేరాలి. షుగర్ ఉండి, ఒళ్లు బాగానే ఉన్న రోగి ఇంట్లో మళ్లీ లెక్క వేరు. అక్కడ బియ్యం బస్తా కంటే షుగర్ అదుపే ముఖ్యం.

ఈ ప్రశ్నలు వేసుకోవడాన్నే పరిశోధనను వాడుకోవడం అంటారు. దీనికి పెద్ద చదువులు అక్కర్లేదు గానీ, అడిగితే జవాబు చెప్పే మనిషి ఒకరు ఉండాలి.

పాముకాటుది మరో కథ

టీబీ విషయంలో పరిశోధనను జాగ్రత్తగా చదవాలి. పాముకాటు దగ్గర చదవడానికి పెద్దగా ఏమీ లేదు. కాటు పైన తాడు గట్టిగా కట్టొద్దు, కోయొద్దు, నోటితో పీల్చొద్దు. కదలకుండా ఉంచి, ఆలస్యం లేకుండా విరుగుడు మందు ఉన్న ఆసుపత్రికి తీసుకెళ్లాలి. అంతే. 2000 నుంచి 2019 మధ్య దేశంలో ఏటా సగటున 58 వేల మంది పాముకాటుతో చనిపోయారని 2020లో వచ్చిన ఓ పెద్ద అధ్యయనం అంచనా వేసింది. మరణాలు ఎక్కువున్న రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్ కూడా ఉంది. 2030 నాటికి వీటిని సగానికి తగ్గించాలని కేంద్రం 2024 మార్చిలో కార్యాచరణ ప్రణాళిక కూడా తెచ్చింది.

అయినా కాలికి తాడు కట్టుకుని వచ్చేవాళ్లు వస్తూనే ఉన్నారు. కరపత్రాలు పంచితే సరిపోతుందా? సరిపోదని చెప్పేదీ పరిశోధనే. వైద్య సిబ్బందికి ముద్రించిన కాగితాలు ఇచ్చి వదిలేస్తే వచ్చే మార్పు స్వల్పమేనని కోక్రేన్ సమీక్షలు తేల్చాయి. సిబ్బంది సంగతే ఇలా ఉంటే, అర్ధరాత్రి కట్లపాము కరిచిన ఇంట్లో ఆ కాగితం ఎవరు వెతుకుతారు?

దీనికి విరుద్ధంగా పనిచేసిన పద్ధతి ఒకటుంది. జార్ఖండ్, ఒడిశా ఆదివాసీ గ్రామాల్లో ఏక్‌జుట్ సంస్థ మహిళా సంఘాలను నెలకోసారి కూర్చోబెట్టి, బొమ్మల కార్డులు, కథలతో పసిబిడ్డల మరణాల గురించి మాట్లాడించింది. సలహాలు పైనుంచి చెప్పలేదు. ఏం చేయాలో సంఘమే తేల్చుకుంది. మూడేళ్లలో నవజాత శిశు మరణాలు 32 శాతం తక్కువగా నమోదయ్యాయి. 2010లో లాన్సెట్‌లో అచ్చయిన ఈ పద్ధతిని తర్వాత ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా సిఫార్సు చేసింది. డ్వాక్రా సంఘాలు లేని ఊరే లేని మన రాష్ట్రంలో ఇలాంటి సమావేశానికి కొత్తగా జనాన్ని పోగు చేయాల్సిన పనే లేదు. పైగా పాముల గురించి యానాదులకు తెలిసినంత బయటివాళ్లకు ఏం తెలుసు? విరుగుడు మందు తయారీకి విషం అందించేది మహాబలిపురం దగ్గరి ఇరుళుల సహకార సంఘమే. ఆ సంఘం 1978లో ఏర్పడింది. వాళ్లను 'అవగాహన లేనివాళ్లు'గా కూర్చోబెట్టి పాఠం చెప్పడం కంటే ముందు వరుసలో నిలబెట్టడం మేలు.

యాప్ ఇస్తే అయిపోతుందా?

ప్రతి సమస్యకూ యాప్ అనేది ఈ మధ్య అలవాటైంది. ఆ ఆశకు కూడా మన రాష్ట్రంలోనే పరీక్ష జరిగింది. పశ్చిమ గోదావరిలో 18 పీహెచ్‌సీల పరిధిలోని 54 గ్రామాల్లో ఆశాలకు ట్యాబ్‌లు ఇచ్చారు. గుండెజబ్బు ముప్పు ఎవరికి ఎక్కువుందో లెక్కగట్టి, డాక్టర్ దగ్గరకు పంపే ఏర్పాటు అది. 2019లో ఫలితాలు వచ్చాయి. బీపీ అదుపులోకి వచ్చినవాళ్ల శాతంలో చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. ఇలా 'పని చేయలేదు' అని చెప్పే పరిశోధన ఊరి దాకా అసలే రాదు. కొత్త ట్యాబ్ మాత్రం వస్తుంది.

ఇంతకీ ఈ పరిశోధనలు చదివే దారి ఎవరికుంది? 2025 జనవరిలో మొదలైన 'వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్' కింద మూడేళ్లకు 6,000 కోట్ల రూపాయలతో దాదాపు 13 వేల పత్రికలను కేంద్రం అందుబాటులోకి తెచ్చింది. అయితే అది ప్రభుత్వ ఉన్నత విద్యాసంస్థలు, కేంద్ర పరిశోధన సంస్థల కోసం. సూళ్లూరుపేట స్వచ్ఛంద సంస్థకో, పీహెచ్‌సీకో అందులో చోటు లేదు. జిల్లా కేంద్రం తిరుపతిలో ఎస్వీ వైద్య కళాశాల ఉంది, స్విమ్స్ ఉంది. అక్కడి కమ్యూనిటీ మెడిసిన్ విభాగాలు నెలకో పూట సూళ్లూరుపేట సంస్థల ప్రశ్నలకు కేటాయిస్తే ఖర్చు బస్సు చార్జీలే. పీజీ విద్యార్థి ఒకరు ఒక ప్రశ్న తీసుకుని, ఉన్న పరిశోధనలు చదివి, తెలుగులో ఒక పేజీ రాసిస్తే చాలు. 'ఇది చేయండి, ఇది అక్కర్లేదు, ఇది ఇంకా తేలలేదు' అని అందులో ఉంటే మరీ మంచిది.

రెండో సగం కూడా ఉంది. ఆశాలు రోజూ ఫోన్‌లో ఎక్కించే వివరాలన్నీ పైకే వెళ్తాయి. తమ ఊరి అంకెలు తిరిగి వాళ్ల చేతికి వచ్చేది అరుదు. చేసిన పని లెక్కలను చేసినవాళ్లకే చూపించడంపై 140 అధ్యయనాలను కలిపి చూసిన 2012 నాటి కోక్రేన్ సమీక్ష ఒకటుంది. పనితీరులో మధ్యస్థంగా 4 శాతం పైచిలుకు మెరుగుదల దొరికింది అందులో. మొదట్లో పని బలహీనంగా ఉన్నచోట, తెలిసిన మనిషే చెప్పినప్పుడు, ఒక్కసారితో ఆపనప్పుడు ఫలితం ఎక్కువ.

టీబీకి ఇది సులువుగా చేయొచ్చు. రేషన్స్ ప్రయోగంలోనే మరో సంగతి బయటపడింది. మందులు మొదలెట్టిన రెండు నెలల్లో బరువు 5 శాతం పెరిగిన రోగుల్లో మరణ ముప్పు 61 శాతం తక్కువ. 40 కిలోల మనిషికి 5 శాతం అంటే 2 కిలోలు. బుట్ట ఇచ్చే సంస్థ దగ్గర ఒక తూకం యంత్రం, ఒక నోటు పుస్తకం ఉంటే ఎవరు ప్రమాదంలో ఉన్నారో రెండో నెలలోనే తెలిసిపోతుంది. బరువు పెరగనివాళ్లను వెంటనే డాక్టర్‌కు చూపించొచ్చు. బుట్ట రోగి కంచంలోకే వెళ్తోందా, ఇంట్లో అందరికీ సర్దుకుపోతోందా అనేదీ అప్పుడే బయటపడుతుంది.

ఆ అంకెలను మూడు నెలలకోసారి సంఘం ముందు చదవొచ్చు. కానీ పేర్లు తీసేసి చదవాలి. చిన్న ఊళ్లో టీబీ అని బయటపడితే అద్దె ఇల్లు ఖాళీ చేయమంటారు, పెళ్లి సంబంధాలు వెనక్కి పోతాయి. అది తెలిసిన రోగి తర్వాతి నెల తూకానికి రాడు.