దాహమేస్తుందా అని అడగొద్దు

మా అమ్మమ్మది పాడేరు కొండల్లో ఊరు. రోజూ ఎండలోనే కలుపు తీస్తుంది. అయినా జూన్‌లో నన్ను హాస్టల్లో దింపడానికి విశాఖ వచ్చి, మన గేటు కాడ కళ్లు తిరిగి పడిపోయింది. అంతకుముందు రెండుసార్లు అడిగాను, దాహమేస్తుందా అని. "లేదమ్మా" అంది.

అది అబద్ధం కాదంట. ముసలివాళ్లకు ఒంట్లో నీరు తగ్గినా దాహం అంతగా తెలీదని సైన్సు టీచర్ గారు చెప్పారు. పైగా ఇక్కడ సముద్రపు తేమ. చెమట కారుతుంది గానీ ఆరదు, ఆరకపోతే ఒళ్లు చల్లబడదు. 2015 మే నెల వడగాలులకు మన రాష్ట్రంలోనే వెయ్యి మందికి పైగా చనిపోయారు. వాళ్లలో ముసలివాళ్లు, కూలీలు ఎక్కువ.

అందుకే అడగడం మానేసి గ్లాసు చేతికిచ్చేయాలి. చోడి అంబలో, ఉప్పేసిన మజ్జిగో. ఒళ్లు కాలిపోయి మాట తడబడితే మాత్రం నోట్లో ఏమీ పొయ్యకూడదు. నీడకు చేర్చి, తడిగుడ్డతో తుడుస్తూ 108కి ఫోన్ చెయ్యాలి.

వార్డెన్ మేడమ్ గారూ, రిజిస్టరు కోసం పెద్దవాళ్లను ఎండలో నిలబెట్టడం నాకు నచ్చలేదు. మా అమ్మమ్మది వేలిముద్రే, నీడలో కూర్చుని వెయ్యలేదా? చెట్టు కింద ఒక బెంచీ, ఒక కుండ పెట్టించండి. నీళ్లు మా తొమ్మిదో తరగతి వాళ్లం మోస్తాం.