లంచాల వేరు ఎక్కడుంది?

లంచగొండితనం పెరిగిపోయిందని అనని మనిషి లేడు. సభలో మంత్రి అదే అంటాడు, టీకొట్టు దగ్గర కూలీ అదే అంటాడు. అయితే మంత్రిగారి లెక్కలో ఇది మనుషుల బుద్ధి చెడిపోవటం. నిజాయితీపరులు కుర్చీల్లోకి వస్తే అంతా చక్కబడుతుందట! ఈ మాట ఎంతవరకు నిజం? నందిగామ, జగ్గయ్యపేట మెట్ట ప్రాంతంలో భూమి కాగితాల సంగతి చూస్తే జవాబు దొరుకుతుంది.

ఒకప్పుడు గ్రామంలో కరణం రాసిందే రాత. అడంగల్‌లో ఎవరి పేరు ఎక్కాలో, ఎవరి పేరు కొట్టెయ్యాలో వంశపారంపర్యంగా వచ్చిన ఆ పెత్తనమే తేల్చేది. 1984 జనవరిలో ఎన్.టి. రామారావు ప్రభుత్వం కరణం, మునసబు పదవులను రద్దు చేసింది. మంచి పనే. కాని మనిషి మారాడు గాని కాగితం జనం చేతికి రాలేదు. 2015లో అడంగల్, 1-బి రికార్డులు ‘మీ భూమి’ పేరుతో కంప్యూటర్‌కెక్కాయి. 2019 అక్టోబరు 2 నుండి గ్రామ సచివాలయాలు వచ్చాయి. 2020 డిసెంబరు 21న భూముల రీసర్వేను అప్పటి ముఖ్యమంత్రి జగన్మోహన్ రెడ్డి జగ్గయ్యపేట మండలం తక్కెళ్ళపాడులోనే ప్రారంభించారు. సరిహద్దు రాళ్ళు, కొత్త పాసుపుస్తకాలు వచ్చాయి. పుస్తకం మీద రైతు ఫొటో సంగతి ఎలా ఉన్నా పాలకుని బొమ్మ మాత్రం వచ్చింది!

2023 అక్టోబరు 31 నుండి ల్యాండ్ టైట్లింగ్ చట్టం అమల్లోకి తెచ్చారు. భూమి హక్కు తగాదాను సివిల్ కోర్టు నుండి తప్పించి, ప్రభుత్వం నియమించే అధికారి చేతిలో పెట్టే చట్టమది. న్యాయవాదులు, రైతులు ఆందోళన చేశారు. 2024లో ప్రభుత్వం మారాక ఆ చట్టం రద్దయింది. బొమ్మ తీసి రాజముద్ర వేస్తామన్నారు. బాగానే ఉంది. కాని కొలతలో పది సెంట్లు తగ్గిన సన్నకారు రైతు అర్జీ పట్టుకుని ఎవరి ముందు నిలబడాలి? మళ్ళీ అదే బల్ల ముందు!

దీన్నిబట్టి లంచం ఎక్కడ పుడుతుందో తెలుస్తున్నది. జనానికి అవసరమైన కాగితం ఒక్కరి గుప్పిట్లో ఉండాలి. ఆ పని ఎన్నాళ్ళలో చెయ్యాలో అడిగే దిక్కు ఉండకూడదు. అడగవచ్చిన వాడు ఒంటరివాడై ఉండాలి. ఈ మూడూ కలిసిన చోట ఎంత మంచి ఉద్యోగిని కూర్చోబెట్టినా మామూళ్ళు మొలుస్తాయి.

భూమి ఉన్నవాడి గతే ఇది. భూమి లేనివాడి మాటేమిటి? మెట్టలో మిరప, పత్తి వేసి అప్పులపాలవుతున్నవారిలో కౌలుదార్లు ఎందరో. 2011 చట్టం ప్రకారం భూయజమాని అంగీకారంతో పని లేకుండానే సాగుదారు కార్డు ఇచ్చే వీలుండేది. 2019 చట్టం వచ్చి పదకొండు నెలల కార్డుకు యజమాని సంతకం తప్పనిసరి చేసింది. సంతకం పెడితే భూమి పోతుందేమోనని ఆసామి పెట్టడు. కార్డు లేనిదే బ్యాంకు అప్పు పుట్టదు. 2024 సెప్టెంబరు 1న మున్నేరు పొంగి నందిగామ పక్కన ఐతవరం దగ్గర జాతీయ రహదారే మునిగిపోయింది. అలాంటి వేళ నష్టం రాసుకునే జాబితాలో సాగుచేసినవాడి పేరు లేకపోతే చేను పోయింది ఒకరిది, పరిహారం మరొకరిది. పేరు ఎక్కించుకోవటానికి చేతులు తడపాల్సి వచ్చేది ఇక్కడే. చట్టమే తలుపు మూసింది. ఆ తలుపు సందులోంచి లంచం దూరింది.

ఇంతటితో కింది గుమాస్తాను తిట్టి ఊరుకుంటే లాభం లేదు. పెద్ద చేపలు పైన ఉన్నాయి. 2018లో కేంద్రం ఎన్నికల బాండ్లు తెచ్చింది. ఏ కంపెనీ ఏ పార్టీకి ఎంత ఇచ్చిందో ఓటరుకు తెలియకుండా చేసింది. 2024 ఫిబ్రవరి 15న సుప్రీంకోర్టు ఆ పథకాన్ని కొట్టేసింది. ఆ కేసు వేసిన వారిలో సి.పి.ఐ(ఎం) కూడా ఉంది. గుత్త కంపెనీల చందాతో గద్దెనెక్కినవాడు ఎవరి పని చేసిపెడతాడో వేరే చెప్పాలా? పైన రహస్యం, కింద రహస్యం. రెండూ ఒకే తాడుకు రెండు కొసలు.

మరి ఏం చెయ్యాలి? దారి చూపింది కూలీలే. 1994 డిసెంబరులో రాజస్థాన్‌లో కోట్‌కిరానా గ్రామంలో మజ్దూర్ కిసాన్ శక్తి సంఘటన్ జనాన్ని కూర్చోబెట్టి, పనుల బిల్లులు, మస్టర్లు అందరి ముందు చదివించింది. పనికి రానివాళ్ళ పేర్లు, జరగని పనుల లెక్కలు బయటపడ్డాయి. ఆ పోరాటమే పెరిగి 2005 సమాచార హక్కు చట్టానికి దారితీసింది. అదే సంవత్సరం వచ్చిన ఉపాధి హామీ చట్టం గ్రామసభ చేత సామాజిక తనిఖీ చేయించాలని చెప్పింది. మన రాష్ట్రం 2006 నుండే దాన్ని చేపట్టి దేశానికి దారి చూపింది. అయితే తేలిన సొమ్ములో తిరిగి వసూలైంది కొంతే. చదివించటం ఒక ఎత్తు, కక్కించటం ఇంకో ఎత్తు. 2025 చివర ఆ చట్టం స్థానంలో వేరే చట్టం తెచ్చారు. ఏ చట్టం వచ్చినా మస్టరు ఊళ్ళో చదివించుకునే హక్కును కూలీలు వదులుకోరాదు.

ప్రతి గ్రామంలో రైతు, కూలీ సంఘాలు వెంటనే చేపట్టదగిన పనులున్నాయి. రీసర్వే రికార్డును, కౌలు కార్డుల జాబితాను, పంట నష్టం జాబితాను గ్రామసభలో పైకి చదివించాలి. అర్జీలు ఒక్కొక్కరుగా కాక పదిమంది కలిసి ఇవ్వాలి. తేదీ వేసిన రసీదు లేకుండా కదలకూడదు. సమాచార హక్కు కింద అడిగితే 30 రోజుల్లో జవాబివ్వాలి. ఎగ్గొడితే రోజుకు రూ. 250 చొప్పున రూ. 25,000 దాకా జరిమానా పడవచ్చు. దారిద్ర్య రేఖకు దిగువనున్న వారికి రుసుము లేదు. లంచం ఇవ్వక తప్పనివాడు ఏడు రోజుల్లో పోలీసులకో, అవినీతి నిరోధక శాఖకో ఫిర్యాదు చేస్తే శిక్ష నుండి బయటపడతాడని 2018 సవరణ చెబుతున్నది. ఈ మాట ప్రతి కూలీకి తెలియాలి.

వ్యక్తిగత సమాచారమనే సాకుతో సమాచార హక్కు చట్టాన్నే సన్నగిల్లజేసే సవరణను 2025 నవంబరులో కేంద్రం అమల్లో పెట్టింది. జాబితాలో పేర్లు చూపం అంటే తినేవాడికే రక్షణ. దాన్ని రద్దు చెయ్యాలని, కౌలు కార్డుకు యజమాని సంతకం తీసెయ్యాలని, తనిఖీలో తేలిన సొమ్ము వసూలుకు గడువు పెట్టాలని కోరాలి.

మంచి అధికారి కోసం ఎదురుచూస్తూ కూర్చుంటే తరాలు గడుస్తాయి. ఒంటరిగా వెళ్ళినవాడు పర్సు తీస్తాడు. పదిమందిగా వెళ్ళినవారు లెక్క అడుగుతారు. నందిగామ, జగ్గయ్యపేట పల్లెల్లో ఆ లెక్క అడగటం ఈ గ్రామసభలతోనే మొదలుకావాలి.