తలా అరగంట

శనివారం రాత్రి హైదరాబాద్ పబ్బుల్లో తెలుగు బ్యాండ్లను వినండి: సొంత పాటలు నాలుగుంటే గొప్ప, మిగతాదంతా ఇళయరాజా, రెహమాన్, కీరవాణి. జనానికి సినిమా పిచ్చని తిట్టిపోయడం మనకు అలవాటే. నాకు మాత్రం తప్పు గడియారానిదే అనిపిస్తుంది. రెండున్నర గంటలు ఒక్కరే నెట్టుకురావాలంటే పాతిక పాటలైనా కావాలి. నిన్నగాక మొన్న పుట్టిన బ్యాండ్‌కి అన్ని ఎక్కణ్నుంచి వస్తాయి? అందుకే నాలుగు కొత్త బ్యాండ్లు ఒకే వేదికను పంచుకునే కచేరీలంటే నాకు గురి. తలా అరగంట, ఆరేడు పాటలు. అరువు పాటలకు అక్కడ చోటూ ఉండదు, అవసరమూ ఉండదు. అరుణాచల్‌లోని జిరో లోయలో 2012లో మొదలైన సంగీతోత్సవానికి ఈశాన్య రాష్ట్రాల కుర్ర బ్యాండ్లు ఎక్కువగా మోసుకొచ్చేది సొంత పాటలనే. ఇలాంటి కచేరీల్లో డ్రమ్ కిట్ సాధారణంగా ఉమ్మడిదే. స్నేర్, సింబల్స్, పెడల్ మాత్రం ఎవరివి వాళ్లు తెచ్చి బిగించుకుంటారు. ఆ పది నిమిషాల సందులో ఇంటిదారి పట్టే స్నేహబృందాలంటే నాకు ఒళ్లుమంట. తమవాళ్ల పాట అయిపోయిందట! వాళ్లు కాసేపు ఆగితేనే గదా రెండో బ్యాండ్‌కి ముక్కూమొహం తెలియని శ్రోత దొరికేది. పారితోషికం నాలుగు ముక్కలవుతుందన్నది నిజమే, దానికి నా దగ్గర మందు లేదు. అయినా ఒక్క శనివారమైనా మన పబ్బువాళ్లు ఒకరికి బదులు నలుగురిని పిలిచి చూడొచ్చు.