పగటి కరెంటు రాత్రికి దాచుకోలేమా, మామా?

పోయిన నెల శని, ఆదివారాలు చూసుకుని బెంగళూరు నుంచి మహానంది దగ్గరున్న మామ వాళ్లింటికి వెళ్లాను. సాయంత్రం ఏడున్నర. అత్త పెనం మీద దోసె పోసింది, నేను టీవీలో మ్యాచ్ పెట్టాను, కరెంటు పోయింది. మామ ఏమీ జరగనట్టే టవల్ తీసుకుని అరుగు మీదికొచ్చి కూర్చున్నాడు.

"ఏం రా అల్లుడూ, ఇంజనీరింగు సదివినావు గదా. గని పక్కకు పోతే కనుచూపు మేరంతా సోలార్ పలకలే. పగలంతా అంత కరెంటు పుడతాంటే, పొద్దు మునగంగానే మనకు చీకటేంది?"

సర్వర్ పడిపోతే అర్ధరాత్రి లేచి బాగుచేసే ఉద్యోగం నాది. దీనికి మాత్రం వెంటనే జవాబు తట్టలేదు. ఆ పూట కరెంటు పోయింది ఏ తీగ తెగడం వల్లో కావచ్చు. కానీ మామ అడిగింది అంతకంటే పెద్ద ప్రశ్న.

ఆయన చెప్పిన పలకలు గని, శకునాల దగ్గరి కర్నూలు సోలార్ పార్కువి. సామర్థ్యం 1,000 మెగావాట్లు. 2017లో పూర్తయినప్పుడు, ఒకే చోట ఉన్న సోలార్ పార్కుల్లో ప్రపంచంలోనే పెద్దదని పేరొచ్చింది. మరి అంత కరెంటు ఏమవుతోంది?

చివరికి మహానంది కోనేరే నన్ను ఆదుకుంది. అడుగున పడిన రూపాయి బిళ్ల కూడా పైకి కనబడే కోనేరు అది. ఊట ఎంత వస్తుందో అంతా బయటికి పోతుంది కాబట్టి మట్టం ఎప్పుడూ అయిదడుగుల దగ్గరే ఉంటుంది. బయటికొచ్చిన నీళ్లతో చుట్టూ అరటి తోటలు పండుతాయి.

కరెంటు గ్రిడ్ కూడా ఇలాంటి కోనేరే. దాని మట్టం పేరు ఫ్రీక్వెన్సీ. మన దేశంలో అది 50 హెర్ట్జ్ దగ్గర ఉండాలి. ఏ క్షణానికి ఎంత వాడతామో, ఆ క్షణానికి అంతే పుట్టాలి. వాడకం ఎక్కువైతే మట్టం పడిపోతుంది, పుట్టేది ఎక్కువైతే పెరిగిపోతుంది. లెక్క బాగా తప్పితే ఒకదాని వెనక ఒకటి లైన్లు ట్రిప్ అవుతాయి. 2012 జులై 31న ఉత్తర, తూర్పు, ఈశాన్య గ్రిడ్లు కూలి 60 కోట్ల మందికి పైగా ఉన్న ప్రాంతమంతా చీకటైంది.

కోనేటి ఊట రాత్రి ఆగదు. సూర్యుడు ఆగుతాడు. మధ్యాహ్నం కరెంటు మిగిలిపోతే ప్లాంట్లకు "తగ్గించండి" అని కబురెళ్తుంది. ఆ ఎండ వృథా. సాయంత్రం ఏడు గంటలకు ఇళ్లలో లైట్లు, ఫ్యాన్లు, టీవీలు, ఏసీలు అన్నీ ఒకేసారి ఆన్ అవుతాయి. అప్పటికి పలకల దగ్గర ఏమీ ఉండదు.

"అయితే దాచిపెట్టాల" అన్నాడు మామ.

అంతే. దాచే పద్ధతులు ముఖ్యంగా రెండు. ఒకటి మన కొండల్లోనే ఉంది. పిన్నాపురం దగ్గర గ్రీన్‌కో సంస్థ పంప్డ్ స్టోరేజ్ ప్రాజెక్టుకు 2022 మే నెలలో శంకుస్థాపన జరిగింది. పైన ఒక రిజర్వాయరు, కింద ఒకటి. పగలు మిగిలిన కరెంటుతో నీళ్లు పైకి ఎక్కిస్తారు, సాయంత్రం కిందికి వదిలి టర్బైన్లు తిప్పుతారు. 1,680 మెగావాట్ల చొప్పున ఆరు గంటలు, అంటే దాదాపు కోటి యూనిట్లు. ఎండాకాలంలో మన రాష్ట్రం రోజుకు 20 కోట్ల యూనిట్ల పైనే వాడుతుంది. ఒక్క కొండతో సరిపోదు, అలాగని తక్కువా కాదు.

రెండోది లిథియం బ్యాటరీ. మీ ఫోన్లో ఉన్నదానికి పెద్దన్న. కొండ కట్టడానికి ఏళ్లు పడుతుంది, బ్యాటరీ కంటైనర్లు నెలల్లో దించేయొచ్చు. మట్టం పడితే సెకను గడవకముందే స్పందిస్తాయి. 2017లో దక్షిణ ఆస్ట్రేలియాలోని హార్న్స్‌డేల్‌లో 100 మెగావాట్ల బ్యాటరీ పెట్టి దీన్ని చేసి చూపించారు. ఇబ్బందులూ ఉన్నాయి. 2025 జనవరిలో కాలిఫోర్నియాలోని మాస్ ల్యాండింగ్ బ్యాటరీ కేంద్రంలో మంటలు లేచి చుట్టుపక్కల జనాన్ని ఖాళీ చేయించారు. పైగా ఏ పద్ధతిలోనైనా కొంత పోతుంది. వంద యూనిట్లు పెడితే కొండ 75 నుంచి 80, బ్యాటరీ 85 నుంచి 90 తిరిగిస్తుంది.

"నా మోటరుకు ఎంత దాచాలి?" మామ అసలు లెక్కలోకొచ్చాడు.

ఒక యూనిట్‌తో ఫోన్ 40, 50 సార్లు ఛార్జ్ చేయొచ్చు. మామ అయిదు హెచ్‌పీ మోటరు తొమ్మిది గంటలు ఆడితే 33 యూనిట్ల పైమాటే. రోజూ అంత బ్యాటరీలో దాచడం దండగ. మోటరునే పగటికి మార్చడం మేలు. రైతులకు పగటిపూట తొమ్మిది గంటల కరెంటు ఇవ్వడంలో ఉన్న లాభం ఇదే. ఎండ ఉన్నప్పుడే నీళ్లు తోడితే మట్టి ఆ తడిని దాచుకుంటుంది.

మామకు ఈ లెక్క నాకంటే ముందే తెలుసు. నా చిన్నప్పుడు మోటర్లకు రాత్రిపూట కరెంటు వచ్చేది. ఒక రాత్రి రెండు గంటలకు స్టార్టర్ నొక్కడానికి పోయి పాము కాటు తిన్నాడు. పదకొండు రోజులు నంద్యాలలో మంచం మీద ఉన్నాడు. ఆ కాలు ఇప్పటికీ కొంచెం ఈడుస్తాడు.

ఇక మిగిలింది ఇళ్ల సాయంత్రం. ఇక్కడే నాకో బెంగ ఉంది. దాచిన కరెంటు ఎవరు ఒప్పందం చేసుకుంటే వాళ్లకే వెళ్తుంది. ఆంధ్రప్రదేశ్‌లో 975 మెగావాట్ల సోలార్, గాలి ప్రాజెక్టు పెట్టి, గ్రీన్‌కో పంప్డ్ స్టోరేజ్ ఆసరాతో గుజరాత్‌లోని హజీరా ఉక్కు ఫ్యాక్టరీకి 24 గంటలూ 250 మెగావాట్లు పంపిస్తామని 2022లో ఆర్సెలర్ మిట్టల్ ప్రకటించింది. తప్పేం లేదు, బొగ్గు కరెంటు వాడకం కొంత తగ్గుతుంది. కానీ ఎండ మనది, కొండ మనది. సాయంత్రం కూడా మనకు కావాలంటే మన రాష్ట్రం కూడా ఆ నిల్వలో వాటా కొనాలి. ఎన్నికల్లో సోలార్ మెగావాట్లు చెప్పే నాయకులను "రాత్రి ఏడుకు ఎన్ని?" అని కూడా మనం అడగాలి.

ఈలోపు మన చేతిలోనూ కొంత ఉంది. వాషింగ్ మెషీన్, ట్యాంకు మోటరు, ఎలక్ట్రిక్ స్కూటర్ ఛార్జింగ్, వీలైతే మధ్యాహ్నానికి మార్చండి.

ఇదంతా చెప్పి ముగించేసరికి ఎనిమిదింపావు. కరెంటు వచ్చింది. అత్త మళ్లీ పెనం పెట్టింది.

"బాగనే చెప్పినావు గానీ, ఆ కొండమింద నీళ్లల్లో మన సాయంత్రం ఎంతుందో కనుక్కోని చెప్పు" అని మామ లోపలికి పోయాడు.