బండికి ఎనిమిదో తరగతి, మ్యాన్‌హోల్‌కి ఏ తరగతి?

పనులకి లైసెన్సు రూల్సు కొత్తగా రాయాలన్న మాట వచ్చినప్పుడల్లా రెండు గొంతులే వినిపిస్తాయి. లైసెన్సులు ఎత్తేస్తే వ్యాపారం పెరుగుతుందని ఒక గొంతు. లైసెన్సు లేకపోతే జనం ప్రాణాలకి దిక్కెవరని ఇంకో గొంతు. రెండూ వాడలోంచి వచ్చిన గొంతులు కావు. వాడ అడిగే ప్రశ్న వేరే ఉంది. లైసెన్సు ఎవర్ని అడుగుతున్నారు? ఎవర్ని అడగడం లేదు?

ఈ దేశంలో మొట్టమొదటి లైసెన్సు కులమే. ఎవడు ఏ పని చెయ్యాలో, ఎవడు ఏ పని ముట్టకూడదో పుట్టుకతోనే రాసిచ్చారు. దానికి రెన్యువల్ అక్కర్లేదు. రద్దు చేసే ఆఫీసూ లేదు. సర్కారు లైసెన్సులు దాని మీదే మొలిచాయి.

డ్రైవరు సంగతే చూడండి. 2007లో మోటారు వాహనాల నిబంధనలు సవరించి, లారీ, బస్సు లాంటి రవాణా బండికి కొత్తగా లైసెన్సు కావాలంటే ఎనిమిదో తరగతి ప్యాసై ఉండాలన్నారు. క్లీనరుగా ఏళ్ళతరబడి లారీ వెంట తిరిగి పని నేర్చుకున్న మనోడు ఆఫీసు గుమ్మం దగ్గరే ఆగిపోయాడు. చిన్నప్పుడే వాణ్ణి బడి మాన్పించి గొడ్ల కాడ జీతానికి పెట్టుకున్నదెవరు? బడికి దూరం చేసినవాళ్ళే బడి కాగితం అడిగారు. దేశంలో లక్షలమంది డ్రైవర్లు కరువయ్యాకగానీ, 2019లోగానీ ఆ షరతు పోలేదు. బండి నడపడం వచ్చో రాదో చూసే పరీక్ష మాత్రం ఉంది. అది సబబే. చేతగానివాడు బండి తోలితే రోడ్డు పక్కన చచ్చేది కూడా మనోళ్ళే. పరీక్ష వద్దని మేమనడం లేదు. పని రాకపోతే ఆపండి, కాగితం లేదని ఆపొద్దు అంటున్నాం.

ఇప్పుడు రోడ్డు మీంచి రోడ్డు కిందికి చూద్దాం. మ్యాన్‌హోల్లోకి దిగేవాణ్ణి ఏం చదివావని అడిగినవాడున్నాడా? ట్రైనింగు సర్టిఫికెట్ చూపించమన్నాడా? లోపల హైడ్రోజన్ సల్ఫైడ్ ఎక్కువుంటే నిమిషాల్లో ప్రాణం పోతుంది. ఒకణ్ణి పైకి లాగబోయి రెండోవాడూ పోతాడు. అంత ప్రమాదమున్న పనికి చూసే అర్హత ఒక్కటే, కులం. ఈ మాట మేం కోపంతో అంటున్నది కాదు. మురుగు కాలువలు, సెప్టిక్ ట్యాంకులు శుభ్రం చేసేవాళ్ళని 38 వేల మందిని నమోదు చేసి, 2024లో కేంద్రం బయటపెట్టిన లెక్కే చెబుతోంది. నూటికి దాదాపు 69 మంది షెడ్యూల్డు కులాలవాళ్ళు.

చట్టం లేదా? ఉంది. 2013 చట్టం ప్రకారం రక్షణ లేకుండా మనిషిని మురుగులోకి దింపితే మొదటి తప్పుకే రెండేళ్ళ దాకా జైలు, రెండు లక్షల దాకా జరిమానా. చనిపోయినవాళ్ళ కుటుంబానికి 10 లక్షలివ్వాలని 2014లో సుప్రీంకోర్టు చెప్పింది. 2023లో 30 లక్షలు చేసింది. చావుకి రేటు పెరిగింది. చావులు ఆగలేదు.

ఎందుకాగుతాయి? దింపేవాడికి లైసెన్సు పోతుందన్న భయం లేదు. అసలు లైసెన్సే అక్కర్లేదు. 1970 నాటి కేంద్ర కాంట్రాక్టు కార్మికుల చట్టం కింద 20 మందిని పెట్టుకున్న కాంట్రాక్టరు లైసెన్సు తీసుకోవాలి. 2025 నవంబరు 21న అమల్లోకి తెచ్చిన కొత్త కోడ్ దాన్ని 50 మందికి పెంచింది. మ్యాన్‌హోల్ దగ్గరికి 50 మంది పోతారా? ముగ్గురో నలుగురో పోతారు. చావు నలుగురి దగ్గరుంటే చట్టం 50 మంది దగ్గర నిలబడింది. 20 ఉన్నప్పుడూ ఆ నలుగురు లెక్కలో లేరు, ఇప్పుడు ఇంకా దూరమయ్యారు.

కొత్త రూల్సు కావాలా అంటే, కావాలి. ఎలాంటివో మేం చెబుతాం.

ఒకటి: ఏ పనికైనా చేతి నైపుణ్యం చూడండి. పరీక్ష తెలుగులో, పని చేయించి పెట్టండి. పేదవాడి దగ్గర ఫీజు వసూలు చెయ్యొద్దు.

రెండు: మురుగు పని కాంట్రాక్టుకి, ఒక్క మనిషిని పెట్టుకున్నా సరే, లైసెన్సు ఉండాలి. యంత్రం, గ్యాసు కొలిచే పరికరం చూపించాకే ఇవ్వాలి. మనిషిని లోపలికి దింపిన రోజే అది రద్దవ్వాలి. పని అప్పగించిన ఆఫీసరూ జవాబు చెప్పాలి.

మూడు: యంత్రం వచ్చాక అది పెత్తందారు కొడుకు చేతికి పోకూడదు. హైదరాబాదులో 2017లో మురుగు తీసే చిన్న యంత్రాలు దళితుల చేతికి వచ్చాయి. ఆ దారి ప్రతి మున్సిపాలిటీకీ రావాలి. ఇన్నాళ్ళూ లోపలికి దిగిన కుటుంబాలకే యంత్రం, దాని లైసెన్సు, దానికి అప్పు ముందుగా దక్కాలి.

మీ వార్డులో ఈసారి మ్యాన్‌హోల్ మూత తీసినప్పుడు అక్కడికి వెళ్ళండి. దిగబోయే మనోణ్ణి ఆపండి. కాంట్రాక్టరుని అడగండి: నీ లైసెన్సేదిరా?