టీకా అందరికీ ఒకటే.. తేడా వస్తే వైద్యం ఎవరికి?

2017 ఆగస్టులో తెలంగాణ అంతటా బడుల్లో, అంగన్‌వాడీల్లో తట్టు-రుబెల్లా టీకా వేశారు. 9 నెలల నుంచి 15 ఏళ్ల లోపు పిల్లలందరికీ అది ఒక్క డోసు. ఆ తర్వాత ఈ టీకా మామూలు పట్టికలో చేరింది. ఇప్పుడు 9-12 నెలల మధ్య ఒకటి, 16-24 నెలల మధ్య రెండోది వేస్తున్నారు. ఇందల్వాయి మండలంలోని ఎస్సీ కాలనీ బిడ్డకూ, హైదరాబాద్‌లో ఉన్నోళ్ల బిడ్డకూ ఇదే టీకా. టీకా తర్వాత అరుదైన జబ్బు వస్తే మాత్రం ఇద్దరికీ అందే వైద్యం ఒకటి కాదు. మన ప్రశ్న అక్కడ మొదలవ్వాలి.

ముందు ఒక మాట స్పష్టంగా చెప్పుకుందాం. రుబెల్లా టీకా కావాల్సిందే. గర్భం తొలి మూడు నెలల్లో తల్లికి రుబెల్లా సోకితే బిడ్డకు కంటిపొర, గుండెలో లోపం, చెవుడు రావచ్చు. అలాంటి బిడ్డను జీవితాంతం సాకే భారం కూలీ ఇంటి మీద ఎంత పడుతుందో మనకు ఎవరూ చెప్పక్కర్లేదు. టీకా ఆ ప్రమాదాన్ని ఆపుతుంది.

అయితే ఇది బతికున్న వైరస్‌తో చేసిన టీకా. వైరస్ బలాన్ని తగ్గించి శరీరంలోకి పంపుతారు. అప్పుడు రోగనిరోధక శక్తి దాన్ని గుర్తుపట్టి తుడిచేస్తుంది. ప్రపంచంలో ఎక్కువగా వాడే ఆర్ఏ 27/3 అనే రకాన్ని 1960లలో అమెరికాలో స్టాన్లీ ప్లాట్కిన్ తయారుచేశారు. దాదాపు అందరికీ ఇది సురక్షితం. కానీ పుట్టుకతోనే రోగనిరోధక శక్తిలో తీవ్ర లోపమున్న కొద్దిమంది పిల్లల్లో టీకా వైరస్ పోదు. ఏళ్ల తరబడి ఒంట్లోనే ఉండిపోయి, చేతుల మీద, కాళ్ల మీద, ముఖం మీద మానని గడ్డలు, పుండ్లు తెస్తుంది. ఈ గడ్డలను గ్రాన్యులోమాలు అంటారు. వీటిలో టీకా వైరస్ ఉందని 2014 నుంచి ఫ్రాన్స్, అమెరికా పరిశోధకులు బయటపెడుతూ వచ్చారు.

ఈ లోపాల్లో చాలావరకు తల్లి నుంచి, తండ్రి నుంచి ఒక్కో లోపపు జన్యువు అందితేనే వస్తాయి. దగ్గరి సంబంధాల పెళ్లిళ్లలో ఆ అవకాశం పెరుగుతుంది. మేనరికాలు మన దగ్గర అన్ని కులాల్లోనూ ఉన్నవే. కాబట్టి ఇది పాశ్చాత్య దేశాల ముచ్చట అని పక్కన పెట్టలేం.

అలాంటి బిడ్డ ఇందల్వాయిలో పుడితే ఏమవుతుంది? టీకా వేసిన నెలలకో, ఏళ్లకో లేచిన పుండును ఆనాటి సూదితో ఎవరు ముడిపెడతారు? మానని గడ్డ కనబడగానే మన దగ్గర ముందు అనుమానించేది క్షయనే. అసలు సంగతి తేలాలంటే చర్మం ముక్క తీసి వైరస్ పరీక్ష చేయాలి, రక్తంలో రోగనిరోధక కణాలు లెక్కపెట్టాలి, జన్యు పరీక్ష చేయాలి. వాటికి హైదరాబాద్ పోవాలి, నూట యాభై కిలోమీటర్లు. బీడీలు చుట్టి బతికే తల్లికి ఒక్కో ప్రయాణానికి బస్సు కిరాయి ఖర్చు, ఆ రోజు కూలీ నష్టం.

అడిగేవాళ్లు లేనప్పుడు ప్రజారోగ్యం ఎలా నడుస్తుందో ఖమ్మం జిల్లా చూపించింది. 2009లో అక్కడ సుమారు 14 వేల మంది బాలికలకు హెచ్‌పీవీ టీకా అధ్యయనంలో సూదులు వేశారు. వాళ్లలో ఆదివాసీ హాస్టల్ పిల్లలు చాలామంది. అది బతికున్న వైరస్ టీకా కాదు. జరిగిన మరణాలకు టీకాతో సంబంధం లేకపోవచ్చనే విచారణ కమిటీ చెప్పింది. కానీ పరిశీలించిన 9,543 అంగీకార పత్రాల్లో 2,763 మీద హాస్టల్ వార్డెన్లు సంతకాలు పెట్టారు, 1,948 మీద వేలిముద్రలే ఉన్నాయి. 2013లో పార్లమెంటరీ స్థాయీ సంఘం దీన్ని తీవ్రంగా తప్పుపట్టింది. నేటికీ సంక్షేమ హాస్టళ్లలో మన పిల్లలే ఎక్కువ.

నష్టపోతే పరిహారం సంగతేంటి? తప్పు ఎవరిదో రుజువు చేయకుండానే టీకా నష్టానికి పరిహారం ఇచ్చే పద్ధతి జర్మనీలో 1961లో, అమెరికాలో 1980లలో వచ్చింది. మన దగ్గర కోవిడ్ టీకా కేసులో తనకు బాధ్యత లేదని, కావాలంటే సివిల్ కోర్టుకు పోవచ్చని కేంద్రం 2022 నవంబరులో సుప్రీంకోర్టుకు చెప్పింది. కూలీ కుటుంబాన్ని టీకా కంపెనీ మీద కోర్టుకు పొమ్మనడం, తలుపు మూసేయడం ఒకటే.

దారులు కొన్ని ఉన్నాయి. 2021 అరుదైన వ్యాధుల విధానం కింద 50 లక్షల దాకా చికిత్స సాయం ఇస్తారు. తీవ్ర రోగనిరోధక లోపం ఆ జాబితాలో ఉంది. హైదరాబాద్‌లో నిమ్స్, సీడీఎఫ్‌డీ కలిసి ఆ కేంద్రంగా పనిచేస్తున్నాయి. కొన్ని లోపాలకు మజ్జ మార్పిడితో బిడ్డ బతికే అవకాశం ఉంది. అక్కడిదాకా చేర్చే తొవ్వే లేదు.

కాబట్టి కార్యకర్తలు, విద్యార్థులు అడగాల్సినవి ఇవి. టీకాకు ముందు ఆశా కార్యకర్త మూడు ప్రశ్నలు వేయాలి: ఇంట్లో పసిపిల్లలు ఎవరైనా చనిపోయారా, బిడ్డకు పదేపదే న్యుమోనియా వస్తోందా, బీసీజీ వేసిన చోట పుండు మానలేదా? అవునంటే టీకా వేసేముందు డాక్టరుకు చూపించాలి. మానని చర్మపు గడ్డ ఏ పీహెచ్‌సీకి వచ్చినా టీకా కార్డు చూడాలి, ఆలస్యంగా వచ్చినా జిల్లా టీకా దుష్ప్రభావాల కమిటీకి రాయాలి. హైదరాబాద్ ప్రయాణం, పరీక్షలు ఉచితం కావాలి. పరిహార చట్టం రావాలి.

2017లో తమిళనాడులో వాట్సాప్ పుకార్లతో తల్లిదండ్రులు ఈ టీకాకు భయపడ్డారు. నిజాన్ని దాస్తే పుకార్లకే బలం. అరుదైన ప్రమాదం గురించి కూడా మన భాషలో, మన వాడలో చెప్పే ప్రభుత్వాన్నే జనం నమ్ముతారు. అందరి రక్షణ కోసం వేసే టీకాతో ఒక్క బిడ్డ నష్టపోయినా, ఆ బిడ్డ బాధ్యత అందరిదీ.