పైన లావు కాదు, లోపల రూట్ చూడండి

మా ఆపా కొడుకు వచ్చే నెల జుబైల్ వెళ్తున్నాడు, పైపు వెల్డర్‌గా. మొన్న ఇంటికొచ్చి ఫోన్‌లో ఫోటో చూపించాడు. ఎనిమిదంగుళాల మెయిన్ పైపు మీద నాలుగంగుళాల బ్రాంచి నిలబెట్టి, చుట్టూ లావుగా మెటల్ పోశాడు. "మామూ, ఎంత మజ్‌బూత్‌గా ఉందో చూడండి" అన్నాడు. మాషా అల్లాహ్, చెయ్యి సాఫ్‌గానే ఉంది. "లోపల రూట్ ఎలా ఉంది బేటా?" అన్నాను. ఖామోష్ అయిపోయాడు.

పైన ఎంత పోస్తే అంత గట్టి అనేది మన పిల్లల్లో ఉన్న పెద్ద గలత్‌ఫహమీ. ఇలాంటి బ్రాంచి తాకత్ అంతా లోపలి అంచు దాకా కరిగి కలిసిన ఫుల్ పెనెట్రేషన్ వెల్డ్‌లో ఉంటుంది. పైన ఫిల్లెట్ దాన్ని కప్పేదే. ప్లాంటు పైపుల బి31.3 కోడ్ దానికీ హిసాబ్ పెట్టింది: కనీస త్రోట్ బ్రాంచి మందంలో 0.7 వంతు లేదా 6 మి.మీ., ఏది తక్కువైతే అది. నాలుగంగుళాల షెడ్యూల్ 40 పైపు మందం 6.02 మి.మీ. కాబట్టి త్రోట్ 4.2, లెగ్ సుమారు 6 మి.మీ. చాలు. అంతకంటే చాలా ఎక్కువ పోస్తే రాడ్లు, టైము బర్బాద్. పైగా వేడికి మెయిన్ పైపు బ్రాంచి వైపు వంగుతుంది.

మెయిన్ పైపుకు కన్నం కోశాక తగ్గిన బలం ఫిల్లెట్ లావుతో తీరదు. డ్రాయింగ్‌లో ప్యాడ్ ఉంటే ప్యాడే వెయ్యాలి. వెల్డింగ్ చేసేటప్పుడు దాని వెంట్ రంధ్రం మూయకూడదు.

ఈ జాయింట్ గుర్రం జీనులా వంపు తిరిగి ఉంటుంది. టార్చి కోణం అడుగడుగునా మారుతుంది. అందుకే బెవెల్, చుట్టూ ఒకేలాంటి గ్యాప్, టాకులు ముందే కుదరాలి. తర్వాత టిగ్‌తో రూట్, ఓవెన్‌లోంచి తీసిన 7018 రాడ్‌తో ఫిల్లింగ్. నేను కొత్తలో తొందరపడి వేసిన ఒక బ్రాంచి హైడ్రో టెస్టులో చెమట పట్టినట్టు నీళ్లు కార్చింది. గ్రైండర్‌తో తీసి చూస్తే రూట్ ఒక పక్క అంటుకోనేలేదు. ఆ షరమ్ ఇంకా గుర్తుంది.

నగలు కుదువపెట్టి ఏజెంటుకు పైసలిచ్చే తల్లిదండ్రులకు నాదొక గుజారిష్. వీసా కంటే ముందు పిల్లాడిని మంచి ఉస్తాద్ దగ్గర నెలరోజులు బ్రాంచీల మీద కూర్చోబెట్టండి. వేసిన జాయింట్ కోసి రూట్ చూపించమనండి. ఈ ఆకారానికి ఎక్స్‌రే సరిగ్గా కుదరదు. లోపల ఏముందో చాలాసార్లు వేసినవాడికే తెలుసు. ఆ పైపు పక్కన పనిచేసేవాళ్ల జాన్ అతని చేతిలో అమానత్.

మా భాంజా రేపు ఆ ఫోటోలోని జాయింట్‌నే కోస్తానన్నాడు. నేనూ వెళ్తున్నాను.